మర్ఫీకి పెట్టిన ప్రసాదం

లూకన్, డబ్లిన్
మంగళవారం

శ్రీవారికి దమయంతి నమస్కరించి రాసేది.

ఇక్కడ పిల్లలూ నేనూ క్షేమం. మర్ఫీ సంగతే ఇంకా తెలియదు. ఫోన్లో చెబుదామంటే మీకు సగం వినపడదు, మిగతా సగం ఇంటిల్లిపాదికీ వినపడుతుంది. అందుకే ఉత్తరం. ఇక్కడ చదువుకుంటున్న మన తెనాలి కుర్రాడు ఆకాష్ ఊరికి వస్తున్నాడు, అతనికిచ్చి పంపుతాను.

మీరడిగినవి ముందు చెప్పేస్తాను. మోకాళ్ళు చలికి పట్టేస్తున్నాయి గానీ నడుస్తున్నాను. ఆవకాయ సీసా పగలకుండానే చేరింది. కొట్టు రెండో తాళంచెవి దేవుడి గూట్లో ఉంది, ఇల్లంతా పీకి పందిరి వేయకండి. అల్లుడు తేజేశ్వర్ మర్యాదగానే ఉంటున్నాడు. మరీ మర్యాదగా ఉంటాడు, అదే నా భయం.

మొన్న ఆదివారం మనమ్మాయి మైథిలి సత్యనారాయణ వ్రతం చేసుకుంది. పూజ జరిగినంతసేపూ మర్ఫీని వంటింటి వెనక గదిలో పెట్టి తలుపేశారు. మన మనవరాలు శ్రావ్య కుక్క ఎలాంటిదో మీకు తెలుసుగా, చెవులు రిక్కించి కథంతా విన్నాడు. కథ విన్నవాడు ప్రసాదం తినకుండా పోకూడదు కదా! మనం తినేవేవీ వాడికి పెట్టొద్దని వచ్చిన రోజే మైథిలి చెప్పింది. ప్రసాదం ఆ లెక్కలోకి ఎందుకొస్తుందని నాకు నేనే సర్దిచెప్పుకుని, ఎవరూ చూడకుండా గిన్నెడు పెట్టాను. నేతిలో వేయించిన కిస్మిస్ దండిగా వేశానేమో, ముందు అవే ఏరుకుని తిన్నాడు.

భోజనాలయ్యాక వాంతులు మొదలయ్యాయి. మైథిలి వాళ్ళ పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే ఆదివారం సెలవని రికార్డు మోగింది. అత్యవసరమైతే చెయ్యమని ఇంకో నంబరు చెప్పింది. ఆ నంబరులో ఒక నర్సు పలికింది. ఫోన్ స్పీకర్లో ఉంది.

"ఏమైనా తిన్నాడా? చాక్లెట్, ఉల్లిపాయ, గ్రేప్స్, రెయిజిన్స్?"

"నో, నో. జస్ట్ హిజ్ ఓన్ ఫుడ్," అంది మైథిలి.

అయితే కంగారు లేదు, కొద్దికొద్దిగా నీళ్ళు పట్టండి, రేపు మీ డాక్టరుకు చూపించండి, హీ విల్ బీ గ్రాండ్, వాడికేం కాదు అని పెట్టేసింది.

తర్వాత నేను వెళ్ళి, "వాడికి ప్రసాదం పెట్టానే తల్లీ, అందులో కిస్మిస్ ఉంది," అన్నాను. మైథిలి గబగబా ఫోన్ అందుకుంది. మళ్ళీ ఫోన్ చేస్తే ఆ నర్సు గొంతే మారిపోయింది. వెంటనే బయల్దేరి తీసుకురండి, ఇక్కడ సిద్ధంగా ఉంటాం అంది.

ఆసుపత్రి టాలా అనే పేట అవతల. దారంతా మర్ఫీ తల నా ఒళ్ళోనే. శ్రావ్య వెక్కుతూనే ఉంది. డాక్టరమ్మ గుమ్మంలోనే వాణ్ణి చేతుల్లోకి తీసుకుని, ఎంత తిన్నాడు, ఎప్పుడు తిన్నాడు అని అడిగింది. నేను దోసిలి పట్టి చూపించాను. లోపల ఉన్నదంతా కక్కించడానికి ఇంజెక్షన్ చేశారు, సెలైన్ పెట్టారు. కిస్మిస్ కొన్ని కుక్కలకు ఏమీ చెయ్యదట, కొన్నిటికి మూత్రపిండాలు పాడైపోతాయట. ఎంత త్వరగా తెస్తే అంత మంచిదని ఆవిడ చెప్పింది. మళ్ళీ రక్తం పరీక్ష చేసి ఈ సాయంత్రం ఫోన్ చేస్తామన్నారు.

ఎవరూ నన్ను తిట్టలేదు. "అమ్మకేం తెలుసు పాపం. వంటింట్లో టీ పెడుతోంది, సంగతి తెలియగానే వచ్చి చెప్పింది," అని మైథిలి మొగుడికి నచ్చజెప్పింది. శ్రావ్య అయితే నా మెడ చుట్టూ చేతులేసి, "అమ్మమ్మా, యూ సేవ్డ్ హిమ్," అంది. స్నేహితులందరికీ అదే చెబుతోంది.

నేను వంటింట్లో లేనండీ. నర్సు అడిగినప్పుడు మైథిలి వెనకాలే నిలబడి ఉన్నాను. రెయిజిన్స్ అన్న మాట స్పష్టంగా విన్నాను. పొద్దున ఆ మాట రాసి ఉన్న కిస్మిస్ పాకెట్ నా చేతుల్తోనే కత్తిరించాను. హాల్లో వ్రతానికి వచ్చిన రత్నకుమారి గారి కుటుంబం ఇంకా కూర్చునే ఉంది. అంతమందిలో, అల్లుడి ఎదుట, వద్దన్న పని చేశానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పరువు పోతుందనుకున్నాను. అప్పుడు వెళ్ళి టీ పెట్టాను. ఆవిడకు బొట్టు పెట్టి, తాంబూలమిచ్చి, గుమ్మం దాకా వెళ్ళి సాగనంపాను. ఆ వెనక గదిలో వాడు కక్కుకుంటున్న చప్పుడు నాకు వినపడుతూనే ఉంది. వాళ్ళ కారు కదిలాకే మైథిలి దగ్గరికి వెళ్ళాను.

ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేలోగా శ్రావ్యకు ఈ మాట చెప్పెయ్యాలి. మర్ఫీ గండం గడిచిందని తెలిస్తే ఆ సంతోషంలో నేను దాటేస్తాను. పోయాడని తెలిస్తే ఇక జన్మలో చెప్పలేను. ముందు మీకు రాస్తే కాస్త ధైర్యం వస్తుందనుకున్నాను, రాలేదు. మీరు తిడితే తిట్టండి, పడతాను.

పిల్ల కింద మెట్ల మీద ఫోన్ పట్టుకుని కూర్చుంది. పక్కన నాకు చోటు వదిలి మరీ కూర్చుంది. వెళ్తున్నాను.

ఇట్లు,
మీ ఇల్లాలు
దమయంతి