దాల్చిన నూనె పరీక్ష

అక్కా,

ఫోనులో చెబితే సగంలోనే అందుకుని నీ పాట మొదలుపెడతావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితానికి ఎదురు చెప్పలేవు కదా! తీరిగ్గా కూర్చుని చివరిదాకా చదువు.

నువ్వు పంపిన దాల్చినచెక్క నూనె చేరింది. సీసా మూత సరిగ్గా బిగించలేదు మహాతల్లీ, మా ఆసుపత్రి ల్యాబ్ అంతా ఘుమఘుమలే. మా పెద్దసారు వచ్చి, "ఎవరమ్మా ఇక్కడ వంట మొదలుపెట్టింది?" అన్నారు. మా అక్క సబ్బులు చేస్తుంది సార్, ఆ నూనెను పరీక్షించమని పంపిందని చెప్పాను. "అయితే కానివ్వు, నాకో నాలుగు సబ్బులు తెప్పించు" అన్నారు. కాబట్టి సబ్బులు పంపు.

నువ్వు అడిగింది ఒక్కటే. మీ పాప మోకాలి పుండు మానడం లేదు, ఈ నూనె రాయవచ్చా అని. సరే, పుండ్లకు చీము పట్టించే క్రిమిని గాజు పళ్ళెంలో జెల్లీ మీద పలచగా పరిచాను. చొక్కా గుండీలంత కాగితం బిళ్ళలు మూడింటిని నీ నూనెలో ముంచి పెట్టాను. నాలుగోది ఉత్త బిళ్ళ, పోల్చి చూడడానికి. మర్నాడు చూద్దును కదా, పళ్ళెమంతా క్రిములు మసకగా పెరిగాయి, నూనె బిళ్ళల చుట్టూ మాత్రం శుభ్రంగా వలయాలు! ఎగిరి గంతేశాను. తీరా చూస్తే ఉత్త బిళ్ళ చుట్టూ కూడా వలయం ఉంది. నూనె లేని కాగితం క్రిముల్ని ఎలా ఆపుతుందే? ఎక్కడో పప్పులో కాలేశాననుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ అదే తంతు. మూడోసారి ఉత్త బిళ్ళను వేరే పళ్ళెంలో పెట్టాను. ఈసారి దాని చుట్టూ క్రిములు హాయిగా పెరిగాయి. అప్పుడు వెలిగింది నాకు, అది నూనె ఆవిరి పని! మూత కింద పాకి, ఉత్త కాగితంలోకి ఇంకి, దాని చుట్టూ ఉన్నవాటిని కూడా పెరగనివ్వలేదు. ఆ రోజు అన్నం కూడా మర్చిపోయాను.

ఇంతవరకూ నీ మాటే గెలిచింది. ఇక నా మాట విను. నూనెను పలచన చేసేకొద్దీ వలయం చిక్కిపోయింది, చివరికి మాయమైంది. వలయం బాగా వచ్చినంత గాఢత ఒంటికి ఎలా ఉంటుందోనని ఒక చుక్క నా మోచేతి లోపల రాసుకున్నాను. (చెయ్యకూడని పని. పెద్దసారికి తెలిస్తే చీవాట్లే.) పది నిమిషాల్లో మంట, సాయంత్రానికి ఎర్రటి దద్దురు, మర్నాటికి నీటిపొక్కు. నాది బాగున్న చర్మం. పాపది పుండు, పైగా మూడేళ్ళ పసిది. చెట్టు నుంచి వచ్చిందే కదా, ఏం చేస్తుంది అంటావు. ఉమ్మెత్త కూడా చెట్టేనే అక్కా! సబ్బులో కాస్త కలిపి కడిగేసుకోవడం వేరు, పుండు మీద రాసి వదిలెయ్యడం వేరు. డాక్టరు ఇచ్చిన మందే వాడు. నువ్వు మొండిదానివి, ఈపాటికే రాసేశావేమోనని భయంగా ఉంది. రాయలేదని వెంటనే జాబు పంపు.

పొక్కు గోక్కోకుండా తెగ కష్టపడుతున్న
నీ చెల్లి

*

చిట్టీ,

పాపకు రాయలేదు. రాయాలని అనుకోనూ లేదు. ఆ పుండు డాక్టరు మందుతో ఎప్పుడో మానింది. అదే మోకాలితో ఇప్పుడు మంచాలెక్కి దూకుతోంది. నీతో అబద్ధం చెప్పాను. పాపను అడ్డం పెట్టుకుని నా ప్రశ్న అడిగాను.

నీ వీపు మీద మచ్చ ఉంది కదా. నాలుగేళ్ళప్పుడు వేడినీళ్ళ గిన్నె మీద పోసుకున్నావని అందరం చెప్పాం. అది నిజం కాదు. అప్పుడు నీకు వీపంతా సెగగడ్డలు. అమ్మ పనిచేసే సబ్బుల కార్ఖానా నుంచి తెచ్చిన దాల్చిన నూనె ఇంట్లో ఉండేది. దీనికి క్రిములు చస్తాయని అమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాను. నాకు పదకొండేళ్ళు. అమ్మ పనికి వెళ్ళాక నిన్ను బోర్లా పడుకోబెట్టి, ఏమీ కలపకుండా రాసేశాను. నువ్వు కేకలు పెట్టావు. మందు పనిచేస్తోంది, ఓర్చుకో అన్నాను. పక్కవాళ్ళు వస్తారని నీ నోరు నొక్కాను. నా వేళ్ళు మండితే వెళ్ళి కడుక్కున్నాను చిట్టీ. నిన్ను కడగాలని తోచలేదు.

అమ్మ వచ్చేసరికి తోలు ఊడిపోయింది. వేడినీళ్ళు పడ్డాయని చెప్పాను. ఆమె వాసన పట్టలేదా అంటావేమో. కార్ఖానాలో పనిచేసే మనిషి ఒంటినిండా అవే వాసనలు. గిన్నె నేల మీద పెట్టి వెళ్ళింది తనే కాబట్టి నన్ను పల్లెత్తు మాట అనలేదు. తనను తానే తిట్టుకుంది. ఈనాటికీ పొయ్యి మీంచి దించిన గిన్నెను గోడ దాకా జరిపిగానీ వదలదు. ఇరవై రెండేళ్ళుగా చూస్తూ నోరు మూసుకుని ఉన్నాను.

ఆ మచ్చ నా వల్ల కాదేమో, గడ్డల వల్లేనేమో అని ఇన్నాళ్ళూ నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. నువ్వయితే ఉన్నది ఉన్నట్టు చెబుతావని సీసా పంపాను. నీ చేతి పొక్కు గురించి చదివి వంటింట్లో కూలబడి ఏడ్చాను. నన్ను ఎంతైనా తిట్టు. అమ్మకు మాత్రం చెప్పకు, తట్టుకోలేదు.

అక్క

*

అక్కా,

చదివాక రెండు రోజులు నీ ఉత్తరం మళ్ళీ ముట్టుకోలేదు. ఒళ్ళు మండిపోయింది. నోరు నొక్కానన్న చోట ఇంకా మండుతోంది.

కానీ నా బుద్ధి ఊరుకుంటుందా? నిన్న రెండు అద్దాలు ఎదురెదురుగా పెట్టుకుని వీపు చూసుకున్నాను. ఇరవై ఆరేళ్ళొచ్చినా ఏనాడూ సరిగ్గా చూసుకున్న పాపాన పోలేదు. నీళ్ళు పడితే కిందికి కారాలి. నా మచ్చ అడ్డంగా ఉంది. పక్కపక్కనే నాలుగు చారలు. స్కేలు పెట్టి కొలిచాను. నాతోపాటు అవీ పెరిగాయి కాబట్టి ఆ పెరుగుదల తీసేసి లెక్కవేశాను. ఒక్కొక్కటి పిల్లల వేలంత. ఎంత చిన్న వేళ్ళే అక్కా నీవి! తిడదామని కూర్చున్నదాన్ని, స్కేలు పట్టుకుని భోరున ఏడ్చాను.

అమ్మకు చెప్పొద్దన్నావు. ఆ ఒక్కటీ కుదరదు. తన తప్పు కానిదాన్ని ఆమె ఇరవై రెండేళ్ళుగా తట్టుకుంటూనే ఉంది. ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. మాట నువ్వే మొదలుపెట్టాలి. నీకు గొంతు పెగలకపోతే నేను అమ్మ వైపు వీపు తిప్పి కూర్చుంటాను. నువ్వు వచ్చి ఆ చారల మీద నీ నాలుగు వేళ్ళూ పెట్టు, చాలు.

నీ చెల్లి