సీసా మీద పేరు

12 జూన్ 2024, సాయంత్రం 6
పళ్ళకి క్లిప్పులు పడ్డాయి. దవడలు సలుపుతున్నాయి. జావ తాగడం కూడా గండంగానే ఉంది. అయినా హ్యాపీ. ఎనిమిదో క్లాసు నుంచి చున్నీ అడ్డం పెట్టుకునే నవ్వుతున్నాను. రెండేళ్ళు ఓపిక పడితే ఎత్తుపళ్ళు లోపలికి పోతాయట. శ్రీకాకుళం డాక్టర్ ఉమాశంకర్ గారు చెప్పారు. క్లిప్పుల చుట్టూ పాచి పడితే పంటి పైపొర తినేస్తుందని ఫ్లోరైడ్ పేస్టు, పుక్కిలించడానికి ఫ్లోరైడ్ మౌత్‌వాష్ రాశారు. మింగకూడదు.

13 జూన్
ఇంట్లో యుద్ధం. నాన్న సీసా మీద పేరు చదివాడు. మా ఊరి పాత బోరు మీద ఎర్ర పెయింటుతో రాసిందీ అదే పేరు. ఫ్లోరైడ్ ఉంది, తాగరాదు అని. నానమ్మ పుట్టిందీ మెట్టిందీ ఈ ఊరే. ఆ నీళ్ళకే చిన్నప్పుడు పళ్ళ మీద సుద్దమచ్చలు పడ్డాయి, తర్వాత నడుం వంగింది, మోకాళ్ళు బిగుసుకున్నాయి. ఇప్పుడు మంచం మీదే.

డాక్టర్ గారి మాటే నేనూ చెప్పాను. బిందెలకి బిందెలు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలకి చేటు, మూతెడు పుక్కిలించి ఉమ్మేస్తే పంటికి కాపలా. నాన్న సీసా నా చేతికిచ్చేశాడు. గెలిచాను.

14 జులై
మందులు తెచ్చే డ్యూటీ నాన్నే తీసుకున్నాడు. కొత్త సీసా నా బ్రష్ పక్కన పెట్టి ఉంటుంది. ఫ్లోరైడ్ పేస్టు దొరకలేదని ఏదో ఆయుర్వేదం ట్యూబు తెచ్చాడు. మొదటి సీసా నాలుక మీద చురుక్కుమనేది. ఇది చప్పగా ఉంది. అలవాటైపోయిందేమో.

19 అక్టోబర్
నోరు మూస్తే పెదాలు కలుస్తున్నాయి. పంతొమ్మిదేళ్ళలో ఇదే మొదటిసారి.

8 ఫిబ్రవరి 2025
క్లిప్పుల అంచుల్లో తెల్లమచ్చలు. మౌత్‌వాష్ వాడుతున్నావా అని డాక్టర్ గారు మూడుసార్లు అడిగారు. రోజూ వాడుతున్నానంటే నమ్మలేదు. కూల్‌డ్రింకులు తాగుతున్నావన్నారు. ఫ్రెండ్స్ బర్త్‌డే కేకు కూడా ముట్టలేదు నేను! ఒళ్ళు మండిపోయింది. బస్సులో నాన్న ఊరొచ్చేదాకా కిటికీ వైపే చూశాడు.

9 ఫిబ్రవరి
ఇకమీదట రోజుకి రెండుసార్లు పుక్కిలిస్తాను.

21 జూన్, రాత్రి 8
క్లిప్పులు తీసేశారు. పళ్ళు సరైపోయి కాదు, ఇంకా ఉంచితే పళ్ళే మిగలవని. ప్రతి పంటి మీదా క్లిప్పు ఉన్నచోట చదరంగా మెరుస్తోంది, చుట్టూ సుద్దలా తెల్లగా ఉంది. ముందు పళ్ళు రెండూ పుచ్చాయి.

వాడుతున్న సీసా తెమ్మని డాక్టర్ గారు ముందే చెప్పారు. చేతిలో పోసుకుని వాసన చూశారు, నాలుకకి రాసుకున్నారు. ఇవి నీళ్ళు అన్నారు. నన్ను దొంగని చూసినట్టు చూశారు. నేను నాన్న వైపు తిరిగాను. నాన్న తన చెప్పులు చూసుకుంటున్నాడు.

వాసనకి రెండు చెంచాలు ఉంచి, మిగతాది పెరట్లో పారబోసి, ఫిల్టరు నీళ్ళు పోసేవాడట. ఏడాది నుంచీ. మచ్చలు క్లిప్పుల వల్లే అనుకున్నాడట.

"బోరు మీదున్న పేరే సీసా మీదా ఉన్నాది. మాయమ్మని మంచాన పడేసిందదే. సూస్తా సూస్తా నీ నోట్లో ఎలాగ పొయ్యమంటావమ్మా?"

అరవాలని ఉంది నాకు. ఎవరి మీద అరవను? చప్పగా ఉన్నప్పుడే ఎందుకు అడగలేదు నేను?

22 జూన్
నాన్న అన్నం తినలేదు. తినమని నేనూ అనలేదు.

29 జూన్
నానమ్మ మంచం దగ్గరికి పిలిచింది. నా పెదవి ఎత్తి, ముందు పళ్ళ మీది సుద్దమచ్చల్ని బొటనవేలితో రాసింది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎంత సంబరపడిందో, నాన్నని కేకేసింది.

"ఒరే సూరీ, ఇలాగొచ్చి సూడరా. దీనికి నా పళ్ళే వచ్చినాయి."

నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. లోపలికి రాలేదు.