మడత వదిలిన జెండాలు

శ్రీవారికి,

మీ ఇంటి దర్జీ రాస్తున్నది. ఇక్కడ మేము క్షేమం. అక్కడ మీరు, మీ క్రేను, మీ పాడు దగ్గు కూడా క్షేమమేనా? దగ్గు మాత్రం క్షేమంగా ఉండక్కర్లేదు, అది వదిలిపోతే చాలు.

మీ ఉత్తరం అందింది. "ఇంట్లో ఉన్నది నువ్వొక్కదానివి. పోయిన ఉత్తరంలో 'మేము క్షేమం' అని రాశావు. ఎవరమ్మా ఈ మేము? నా బొమ్మల సైన్యాన్ని కూడా కలుపుకున్నావా?" అని వెక్కిరించారు కదా. మళ్లీ అదే రాశాను, చూసుకోండి. ఎవరో తర్వాత చెప్తాను. ముందు మీరడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగైంది. కుట్టుమిషను బెల్టు మార్పించాను. వంతెన పనికి ఇంకో ఏడాది ఉండమంటున్నారు, సంతకం పెట్టనా వద్దా, నీ మాట కోసం ఆగాను అన్నారు. అదీ చెప్తాను. ఈ ఉత్తరం చివరిదాకా చదవకుండా మాత్రం తొందరపడి పెట్టేయకండి.

ఇక మీ సైన్యం సంగతి. వేలెడంత లేని ప్లాస్టిక్ బొమ్మలకి జెండాలు పెట్టమని ఎంత తేలిగ్గా రాశారండీ! కాగితం మధ్యకి మడిచి కర్ర చుట్టూ అతికించాలట, జిగురు ఆరకముందే వేళ్లతో కాస్త వంపు తిప్పాలట, అప్పుడు గాలికి ఎగిరినట్టుంటుందట. చేసేవాళ్లకి తెలుస్తుంది. మొదటి జెండా కర్రకి కాకుండా నా బొటనవేలికి అతుక్కుంది. ఇంకోటి ఓ సైనికుడి మొహానికి అతుక్కుంది. ఊడదీస్తే ముక్కు కూడా ఊడొస్తుందేమోనని వదిలేశాను. యుద్ధం ఏ పక్కన జరుగుతోందో తెలియకుండా నిలబడి ఉన్నాడు పాపం.

చచ్చీ చెడీ అందరికీ పెట్టి, కిటికీ పక్క బల్ల మీద వరసగా నిలబెట్టాను. నిలబెట్టినవాళ్లు నిలబెట్టినట్టే వెల్లకిలా పడ్డారు. మళ్లీ లేపాను, మళ్లీ పడ్డారు. మీ సైన్యానికి వేరే శత్రువులు అక్కర్లేదు, నేను చాలు.

ఇక లాభం లేదని మీ స్నేహితుడు, ఆ వాచీలు బాగుచేసే అన్నయ్యకి కబురు పెట్టాను. ఈ సైన్యాన్ని బొమ్మల ప్రదర్శనకి పట్టుకెళ్లాల్సింది కూడా ఆయనే కదా. వచ్చి, కంటికి భూతద్దం తగిలించుకుని ఓ జెండాని పొరలు పొరలుగా విప్పాడు.

"చెల్లెమ్మా, ఇది జెండానా, దుప్పటా? అంచు లోపల ఇంత కాగితం దాచావేంటి?"

అప్పుడు చూసుకున్నాను నేను చేసిన ఘనకార్యం. పిల్లల బట్టలు కుట్టేటప్పుడు అంచు లోపల గుడ్డ మడిచి వదులుతాం కదా, వాళ్లు పొడుగైతే విప్పుకోవచ్చని. చెయ్యి అలవాటు కొద్దీ ప్రతి జెండాకీ అలాగే మడత వదిలేశాను. గోరంత జెండాకి! ఆ బరువు మోయలేక పడిపోతున్నారు వాళ్లు. అన్నయ్య నవ్విన నవ్వుకి భూతద్దం జారి ఒళ్లో పడింది.

"వీళ్లు పెరిగే పిల్లలనుకున్నావా తల్లీ? ప్లాస్టిక్ వాళ్లమ్మా, పెరగరు."

నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాను. పాపం ఆయన బిత్తరపోయి, "దుప్పటన్నది ఊరికేనమ్మా, జెండాలు బ్రహ్మాండంగా ఉన్నాయి," అంటూ మంచినీళ్లు తెచ్చిచ్చాడు. నేను ఏడ్చింది జెండాలకి కాదని ఆయనకేం తెలుసు?

ఏమండీ, క్రేను మీదుంటే కిందికి దిగి చదవండి. నాకిప్పుడు ఐదో నెల.

మీరు వెళ్లిన కొన్నాళ్లకే తెలిసింది. ఫోనులో చెప్పొచ్చుగా అంటారు. మీ గొంతు వినగానే కుళాయి గురించి మాట్లాడి పెట్టేసేదాన్ని. పోయినసారి తెలిసిన రోజే చెప్పాను. మీరు వీధి వీధంతా చెప్పుకొచ్చారు. నేను చిన్న గౌను కుట్టాను, అంచు లోపల ఇంత మడత వదిలి. ఆ తర్వాత మూడో నెల దాటలేదు. ఆ గౌను బీరువా పైఅరలో నాకు కనపడకుండా దాచాననుకున్నారు మీరు. నాకు తెలుసండీ. ఆ నెలలోనే ఈ బొమ్మలు కొనడం మొదలుపెట్టారు.

మీ మొహం మళ్లీ అలా చూడలేను. ఎవరికీ చెప్పకపోతే నిలబడుతుందేమోనని ఓ పిచ్చి భయం. అందుకే నోరు కట్టేసుకున్నాను. చేతులే నా మాట వినలేదు. పెన్ను పట్టుకుంటే 'మేము' అని రాసేశాయి, కత్తెర పట్టుకుంటే మడత వదిలేశాయి.

నిన్న డాక్టరమ్మ గుండె చప్పుడు వినిపించింది. మన మిషను మంచి ఊపు మీదున్నప్పుడు ఎలా కొట్టుకుంటుందో, అచ్చం అలాగే ఉంది. అంతా బాగుందమ్మా, ధైర్యంగా ఉండు అంది. ధైర్యంగానే ఉన్నాను, కానీ ఒక్కదాన్నే భయపడలేకపోతున్నానండీ. ఆ సంతకం పెట్టకండి. వచ్చేయండి.

జెండాలన్నీ విప్పి, మడతలు కత్తిరించి మళ్లీ అతికించాను. ఇప్పుడందరూ బుద్ధిగా నిలబడ్డారు. ఒక్కడికి మాత్రం మడత అలాగే ఉంచాను. పడిపోకుండా వాడి వీపుకి దారపు ఉండ ఆనించాను. అన్నయ్య కత్తిరించమన్నాడు. ఎవరెన్ని చెప్పినా కత్తిరించను.

ఇట్లు,
మీ ఆవిడ, మీ బిడ్డ.
అంటే, మేము.