ప్రిచర్డ్ దొరగారి పునర్జన్మ సిద్ధాంతము

12 జనవరి 1964
అనకాపల్లి ఫిలిం సొసైటీ గౌరవ కార్యదర్శి హోదాలో, బ్రిటిష్ దర్శకులు ఎడ్విన్ ప్రిచర్డ్ దొరగారి జీవితము, కృషి అను విషయంపై వ్యాసం రాసే బాధ్యతను ఈ రోజు నాకు నేనే అప్పగించుకున్నాను. అభ్యంతరాలు లేవు. అధ్యక్షులు, బెల్లం వర్తకులు తాతబ్బాయి గారు నిద్రలో ఉన్నారు. సభ్యుల్లో ఎక్కువమంది ఆయనకు బెల్లం తెచ్చే దేవరాపల్లి రైతులే. ఆయన కూర్చోమంటే కూర్చుంటారు.
సాయంత్రం సొసైటీలో వేసిన దొరగారి చిత్రాల్లో మొదటిది. ఓడ కెప్టెన్ సముద్రంలో మునిగి చనిపోయాడు. ఇంటర్వెల్ తరువాత పెళ్లి చేసుకున్నాడు.
అర్థం కాలేదు.

9 ఫిబ్రవరి
రెండవ చిత్రం. పోస్టుమాస్టరును ఉరితీశారు. ఇంటర్వెల్ తరువాత ఆయనే బజారుకు వెళ్లి కత్తి కొన్నాడు. సచ్చినోడు మళ్లీ లెగిసేడేటి మేష్టారూ, ఇంగిలీసోళ్లకి దినాలుండవేటి అని తాతబ్బాయి గారు అడిగారు. ఆ ప్రశ్నను మినిట్స్‌లో నమోదు చేయలేదు.

10 ఫిబ్రవరి, ఉదయం 5 గం.
అర్థమైంది!
మద్రాసు నుంచి వచ్చిన పాంఫ్లెట్‌లోనే ఉంది. దొరగారు రొట్టెల వ్యాపారి కుమారుడు. మూకీల కాలంలో స్టూడియో ఊడ్చారు. యుద్ధంలో లండన్‌పై బాంబులు పడినప్పుడు రెండు రోజులు శిథిలాల కింద ఉండి, చనిపోయారని పేపర్లో పడిన తరువాత బయటికి వచ్చారు. సర్ బిరుదు తెచ్చినవి ఆ తరువాతి చిత్రాలే. కనుకనే ఆయన నాయకులందరూ మధ్యలో మరణించి తిరిగి జీవిస్తారు.

16 ఫిబ్రవరి
ముప్పై రెండు పేజీలు. విశాఖపట్నంలో దొరగారి చిత్రాలపై జరగబోయే సభకు పంపాను.

22 ఫిబ్రవరి
ఎంపికైంది. మార్చి ఒకటిన అక్కడ దొరగారి మరో చిత్రం ముగిశాక నేనే చదవాలి. ఇరవై రెండేళ్ల టీచరు సర్వీసులో నన్ను ఎవరూ ఏదీ చదవమని అడగలేదు. మా ఆవిడ నా పెళ్లినాటి కోటు ఇస్త్రీకి వేసింది.

27 ఫిబ్రవరి
కృతజ్ఞతలు చెబుదామని ప్రొజెక్టర్ ఆపరేటర్ ఖాదర్ వలి గదికి వెళ్లాను. వెళ్లకుండా ఉండవలసింది.
దేవరాపల్లి రైతుల ఆఖరి బస్సు ఏడున్నరకట. ఆళ్లు సివర సూడకుండా ఎల్లిపోతే పాపం కాదేటండి, అందుకని సివరి రెండు రీళ్లు ఇంటర్వెల్‌కి ముందే ఏసేత్తాను, మద్దిలోవి ఇంటర్వెల్ అయ్యాక ఊళ్లోవోళ్లకి ఏత్తాను, మీకు తొందరేటి, అన్నాడు. తెలుగు సినిమాకైతే కొడతారు గానీ ఇంగిలీసుకి ఎవులికి తెలుత్తాది బాబూ, అని కూడా అన్నాడు. డబ్బాల మీద నంబర్లున్నాయి గదా అన్నాను. నంబర్లు డబ్బాలకండి, బస్సుకి కాదు, అన్నాడు. అయినా ఆ కెప్టెన్ సివరికి పెళ్లి సేసుకుని సల్లగా ఉన్నాడు గదేటండి, అని నన్నే ఓదార్చాడు.

28 ఫిబ్రవరి
వ్యాసాన్ని ఉపసంహరించుకొనుచున్నట్లు లేఖ రాశాను. పోస్టు చేయలేదు. కోటు వచ్చింది.

1 మార్చి, విశాఖపట్నం
రీళ్లు వరుసగానే వేశారు. చివరికి రైలు డ్రైవరు చనిపోయాడు, చిత్రం ముగిసింది. లైట్లు వెలిగాయి. జనం కళ్లు తుడుచుకుంటూ లేచారు. నా పేరు పిలిచారు. వేదిక ఎక్కాను.
ఇంకా నాలుగు రీళ్లున్నాయి, కూర్చోండి అన్నాను.
కూర్చున్నారు.