మామయ్య పువ్వు మళ్ళీ మాయం

మేనకోడలికి ఆశీస్సులు.

ఫోన్లో నువ్వు చెప్పేది సగం వినపడదు, మిగతా సగం అర్థం కాదు, అందుకే ఈ ఉత్తరం. నేను చెబుతుంటే మీ అత్తయ్య టైపు చేస్తోంది. పక్షవాతం వచ్చాక నా కుడిచెయ్యి మౌసు పట్టుకోవడానికే మొరాయిస్తోంది. ఆస్పత్రి నర్సుల కోట్ల మీద కుట్టే పువ్వు డిజైను నెలాఖరుకి నేను గీసి ఇవ్వకపోతే ఇక మన ఎంబ్రాయిడరీ కొట్టు మూసుకోవడమే. ఆ ఎంబ్రాయిడరీ ప్రోగ్రామేమో పాత విండోస్‌లో తప్ప నడవనంటుంది. దానికోసం నువ్వు లైనక్స్‌లో పెట్టిన వర్చువల్ మెషీన్, అదే ఆ కంప్యూటర్లో కంప్యూటరు, తెరుచుకుంది. కానీ పొద్దున మౌసు కదిపితే బాణం భోజనాలయ్యాక కదులుతోంది. తెర ఫోటో పంపుతున్నాను.

మీ మామయ్య

తా.క.: చేతి వ్యాయామానికి డాక్టరిచ్చిన రబ్బరు బంతిని మీ మామయ్య పక్కింటి కుక్కకి ఇచ్చేశారు. – అత్తయ్య

*

మామయ్యకి నమస్కారాలు.

ఫోటో చూశాను. ఉన్న మెమరీ అంతా లోపలిదానికే ఇచ్చేశారు, బయటిది ఊపిరాడక కొట్టుకుంటోంది. లోపలిది ఆపేసి, సగం వెనక్కి తీసుకోండి. ఇంకోమాట. నేను వచ్చినప్పుడు ఒక స్నాప్‌షాట్ తీసిపెట్టాను. ఏదైనా చెడిపోతే 'రివర్ట్' నొక్కండి, లోపలి కంప్యూటరు ఆ రోజు ఎలా ఉందో అలా అయిపోతుంది. జాగ్రత్త, ఆ తర్వాత చేసిన పనంతా పోతుంది.

మీ మేనకోడలు

తా.క.: కుక్క చెయ్యి ఎలా ఉంది?

*

మేనకోడలికి,

సగం లాక్కున్నాం. వచ్చినవాళ్ళకి పెద్దగది ఇచ్చి మనం వరండాలో పడుకోవడం మనింటి అలవాటు కదా, అందుకే అంతా ఇచ్చాను. ఇప్పుడది గుర్రంలా పరిగెడుతోంది. కానీ రోజంతా గీసిన పువ్వు మర్నాటికి ఉండటం లేదు. సేవ్ చేసే లేస్తున్నాను. పొద్దున తెరిస్తే ఖాళీ. నిన్న రేకులు కుదిరాయి, ఇవాళ మళ్ళీ మొదటి గీత. నెలాఖరు దగ్గరపడుతోంది, నాకు భయంగా ఉందమ్మా.

మీ మామయ్య

తా.క.: సేవ్ చేసిన మాట నిజమే, నేను చూశాను. – అత్తయ్య

*

మామయ్యకి,

డిస్కు నిండిందేమో అనుకున్నాను, నిండలేదు. పర్మిషన్లు అనుకున్నాను, బాగానే ఉన్నాయి. మీరు పంపిన లాగ్, అదే ఎప్పుడేం జరిగిందో కంప్యూటరు రాసుకునే చిట్టా, చదివితే బయటపడింది. రోజూ సాయంత్రం ఎవరో రివర్ట్ నొక్కుతున్నారు. లోపలిది ఆపడానికి మీరు అదే నొక్కుతున్నారా? ఆదివారం వచ్చి ఆ స్నాప్‌షాటే తీసిపారేస్తాను.

మీ మేనకోడలు

*

బంగారు తల్లికి,

నీ ఉత్తరం మీ మామయ్యకి చదివి వినిపించలేదు. ఆయన కుడికాలు ఈడ్చుకుంటూ నడకకి వెళ్ళారు. రోజూ ఈ వేళకే నేను ఆ రివర్ట్ నొక్కుతాను.

చేతిని ఆడించమంటే ఆయనకి చిన్నతనం. పువ్వు గియ్యమంటే మాత్రం పొద్దుటినుంచి కదలరు. పూర్తయిపోతే మర్నాడు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారని నా బెంగ. ఆయన పువ్వులేవీ పోలేదు. ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాకే నొక్కాను. అన్నిట్లోకి బాగున్నది ఆస్పత్రికి పంపించాను, వాళ్ళకి నచ్చింది. ఆయన దిగులు ఇంక చూడలేను, నడకనుంచి రాగానే చెప్పేస్తాను.

ఇవాళ చొక్కా బొత్తాలు నన్ను పిలవకుండా తనే పెట్టుకున్నారు. ఒకటి పక్క కాజాలోకి పోయింది. నేను సరిచెయ్యలేదు.

మీ అత్తయ్య

తా.క.: ఆదివారం కాదు, రేపే రా. చెప్పాక మీ మామయ్య నాతో మాట్లాడరు. వస్తూ వస్తూ కాలికి కూడా ఏదైనా ప్రోగ్రాం ఉంటే పట్టుకురా.