అక్కకు ఫోను పాఠాలు

జూన్ 2, సోమవారం. ఉదయం 7.15

ఈ రోజు నుంచి ఇరవై ఒక్క రోజుల దీక్ష! పై అంతస్తులో ఉండే మా అక్కకు ఫోను మోసాల నుంచి తప్పించుకోవడం నేర్పి తీరాలి. ఆమెకు డెబ్బై నాలుగు, నాకు అరవై ఎనిమిది. నిన్న ఎవడో బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేస్తే, "బాబూ, భోంచేశావా?" అని పలకరించింది!

నేను ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసినదాన్ని. గొంతు వింటే చాలు, మనిషి ఎలాంటివాడో చెప్పేస్తాను. నేను కాక ఇంకెవరు నేర్పుతారు?

సూత్రాలు పెద్దక్షరాలతో రాసి ఆమె ఫ్రిజ్జు మీద అంటించాను:
తెలియని నంబరు ఎత్తకూడదు.
ఓటీపీ, కార్డు నంబరు దేవుడడిగినా చెప్పకూడదు.
తొందరపెట్టేవాణ్ణి నమ్మకూడదు.
అనుమానం వస్తే పెట్టేసి ఇంట్లోవాళ్లకు చెప్పాలి.

"బాగున్నాయే, కాస్త ఏటవాలుగా అంటించావు," అంది అక్క.

జూన్ 3, మంగళవారం

పరీక్ష పెట్టాను. ల్యాండ్‌లైను నుంచి గొంతు మార్చి, "మేడమ్, మీ కార్డు బ్లాక్ అయిపోయింది" అన్నాను.

"ఏమే, జలుబు చేసిందా?"

పరీక్ష రద్దు. అయినా ఉత్సాహం తగ్గలేదు!

జూన్ 5, గురువారం

చిన్న ఇబ్బంది. అక్క మొదటి సూత్రం తు.చ. తప్పకుండా పాటిస్తోంది. కంటి డాక్టరు ఇవాళ రావడం లేదని చెప్పడానికి ఆసుపత్రివాళ్లు మూడుసార్లు చేశారట. ఎత్తలేదు. వెళ్లి రెండు గంటలు బల్ల మీద కూర్చుని వచ్చింది. తప్పంతా నాదేనట.

సూత్రం సవరించాను: ఎత్తొచ్చు. కానీ జాగ్రత్తగా.

జూన్ 8, ఆదివారం

పాఠానికి సెలవు. ఆదివారం కదా.

జూన్ 9, సోమవారం

మోకాలి నొప్పి. మెట్లెక్కలేను. (మార్కెట్‌కు వెళ్లొచ్చాను. అక్కడ మెట్లు లేవు.)

జూన్ 11, బుధవారం

నేను పైన ఉండగానే అక్కకు లాటరీవాడి ఫోన్!

"నేను టికెట్టే కొనలేదు కదయ్యా. సర్లే, మీ అమ్మ బాగుందా? నువ్వీ పని చేస్తున్నట్టు ఆవిడకు తెలుసా?"

వాడే పెట్టేశాడు. నేను సంతోషించాలి. ఎందుకో కాస్త ఒళ్లు మండింది. ఇక పాఠాలెందుకు? దీక్షకు విరామం.

జూన్ 13, శుక్రవారం. ఉదయం 11.20

ఫోను కంపెనీ కుర్రాడు చేశాడు. ఎంత మర్యాదస్తుడో! నా సిమ్ము మధ్యాహ్నానికి ఆగిపోతుందట, వివరాలు సరిచూడాలట. ఎక్స్ఛేంజీలో చేశానంటే, "అయితే మీరు మాకు సీనియర్లు మేడమ్!" అన్నాడు. పాత స్విచ్‌బోర్డు సంగతులన్నీ అడిగి మరీ చెప్పించుకున్నాడు. ఇరవై నిమిషాలు! నా మాట ఎవరైనా అంత ఓపిగ్గా విని ఎన్నేళ్లయిందో.

కార్డు నంబరు తీసుకున్నాడు. పన్నెండింటికి మళ్లీ చేస్తాడు.

మధ్యాహ్నం 1.30

అన్నట్టే పన్నెండింటికి మళ్లీ చేశాడు.

మెసేజిలో ఆరంకెలు వచ్చాయి. చదవమన్నాడు. నాలుగు చదివాను. అంతలో కత్తెర కోసం అక్క కిందికి వచ్చింది.

"ఎవరే?"

"కంపెనీవాళ్లక్కా. ఆగు, తొందరగా చెప్పాలి."

"తొందరేంటే? వాణ్ణే ఆగమను."

నా నోరు అక్కడే ఆగిపోయింది. అటువైపు అంత తీయటి గొంతు ఒక్కసారిగా మారింది. "టైం లేదు! మిగతా రెండూ చెప్పు!"

పెట్టేశాను. కార్డు వెనకున్న నంబరుకు అక్కే చేసి ఇచ్చింది. బ్యాంకు అమ్మాయి వెంటనే కార్డు ఆపేసింది. పోలీసులకూ ఫిర్యాదు రాయించాం. ఏమీ పోలేదు. గొంతు వింటే చాలట, మనిషిని చెప్పేస్తానట!

జూన్ 14, శనివారం

ఎవరికీ చెప్పొద్దని అక్కను బతిమాలాను.

"దొంగతనం వాడు చేస్తే సిగ్గు నీకెందుకే?" అంది. అంతటితో ఆగిందా? పక్కింటి రిటైరైన పోస్ట్‌మ్యాన్‌గారు పేపరు కోసం వస్తే ఆయనకు మొత్తం చెప్పేసింది! అక్క మీద పీకలదాకా కోపం వచ్చింది.

ఆయన నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుండిపోయాడు.

"నాకూ అయింది చెల్లెమ్మా, పోయిన నెల. నాకు మాత్రం పోయింది. మా ఆవిడకు కూడా చెప్పలేదు."

లేచి టీ పెట్టాను. అక్క ఆయన పక్కకు కుర్చీ జరుపుకుంది.

జూన్ 16, సోమవారం. మధ్యాహ్నం 12.00

భార్యకు చెప్పేటప్పుడు తోడు రమ్మన్నాడు. వెళ్లాం. ముందు నా కథ చెప్పాను, నాలుగంకెలతో సహా. తర్వాత ఆయన నేల చూపులు చూస్తూ తనది చెప్పాడు.

ఆవిడ బట్టలు మడతపెట్టడం ఆపలేదు.

"నాకు తెలుసండీ. బ్యాంకు మెసేజిలు నా ఫోనుకే కదా వచ్చేది. ఆ రోజే ఫిర్యాదు చేశాను. మీరు ఎప్పుడు చెప్తారా అని చూస్తున్నాను."

ఆయనకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మాకూ అంతే.

రేపటి నుంచి ఇరవై ఒక్క రోజుల దీక్ష! పొద్దున్న పదింటికి, మా హాల్లో. విద్యార్థులు: నేను, అక్క, పోస్ట్‌మ్యాన్‌గారు.

ఈసారి టీచరు ఆవిడ.