పడవలో ముందు సీటు

నందిని నాయినా,

మీరు పోయాక ఇది మొదటి ఎండాకాలం. శనివారం తాండూరులో దుకాణం మూసి, మన బిడ్డ నందినితో రైల్లో ధారూర్ దాకా, అక్కణ్నుంచి ఆటోలో కోట్‌పల్లి ప్రాజెక్టుకు వెళ్లాను. నీళ్లు బాగా తగ్గాయి. పడవ దాకా బురదలోనే నడిచాం.

ఇద్దరు పట్టే ఆ సన్నటి పడవలో నేను అలవాటుగా ముందు సీట్లో కూర్చున్నాను. మీరు కూర్చునే వెనక సీట్లో నందిని కూర్చుంది. మీకంటే బాగానే నడిపింది లెండి. ముందున్నవాళ్లకు వెనక మనిషి కనబడడు. అందుకే ఏటా నేను నీళ్లవైపు చూస్తూనే “అటు తిప్పుండ్రి, ఇటు తిప్పుండ్రి” అని మిమ్మల్ని సతాయించేదాన్ని. వెనక నుంచి “సరే తియ్” అన్న ఒక్క మాటే వచ్చేది.

నడుమకు వెళ్లాక, మునిగిన చెట్టు మోడు మీద కొంగలు కనిపించాయి.

“నందిని నాయినా, జర ఎడమకు తిప్పుండ్రి. దగ్గరికి పోతె కొంగలు లేస్తయి,” అన్నాను.

నోరు జారాక గానీ తెలియలేదు. వెనక తెడ్డు చప్పుడు ఆగిపోయింది. నా తెడ్డు కూడా ఒళ్లోనే ఉండిపోయింది.

కాసేపటికి పడవ మెల్లగా ఎడమకు తిరిగింది.

“సరే తియ్,” అంది నందిని.

ఒడ్డు చేరేదాకా నేను వెనక్కి తిరగలేదు.